ఫ్రిజ్ గురించి మనం వినకూడని సలహాలు

ఎండలు ముదిరేసరికి ఇంటింటా వినపడే మాట ఒకటుంది: ‘మా ఫ్రిజ్ సరిగ్గా చల్లబడటం లేదు.’ ఆ మాట పైకి అనగానే సలహాలు మొదలవుతాయి. పక్కింటి పిన్నిగారు ఒకటి చెబుతారు, ఆఫీసులో స్నేహితుడు ఇంకోటి చెబుతాడు, వాట్సాప్‌లో వచ్చిన వీడియో మరోటి చూపిస్తుంది. అందరూ మన మంచి కోరి చెప్పేవాళ్లే. అయినా ఆ సలహాల్లో కొన్ని ఫ్రిజ్‌ని పాడుచేస్తాయి, కొన్ని తిండిని పాడుచేస్తాయి, కొన్ని ఏకంగా ప్రాణం మీదికి తెస్తాయి.

ఈ తప్పుడు సలహాల్లో చాలావాటికి ఉన్న లోపం ఒక్కటే. ఫ్రిజ్‌లో తేడా వస్తే ఏదో ఒక గుర్తు బయటపడుతుంది. మంచు పేరుకుంటుంది, టిక్కుమన్న చప్పుడు వస్తుంది, తలుపు పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటుంది. ఈ సలహాలు ఆ గుర్తును కనపడకుండా చేస్తాయే గానీ, అది ఎందుకొచ్చిందో పట్టించుకోవు. అందుకే ఏ సలహా ఎందుకు పనికిరాదో, దాని బదులు ఏం చేయాలో వరసగా చెబుతాను.

ముందు ఒక్క విషయం తెలుసుకుంటే మిగతావన్నీ సులువవుతాయి. ఫ్రిజ్ చలిని పుట్టించదు. లోపలి వేడిని తీసుకొచ్చి బయట వదులుతుంది. వెనక అడుగున ఉండే నల్లటి కంప్రెసర్ గ్యాస్‌ని గట్టిగా ఒత్తి పంపుతుంది. వెనక జాలీలోనో, పక్క రేకుల లోపలి గొట్టాల్లోనో ఆ గ్యాస్ వేడి వదిలేసి ద్రవంగా మారుతుంది. తర్వాత సన్నటి గొట్టం గుండా ఫ్రీజర్ దగ్గరికి చేరి, మళ్లీ ఆవిరవుతూ అక్కడి వేడిని పీల్చుకుంటుంది. కొత్త ఫ్రిజ్ పక్కలు ముట్టుకుంటే వెచ్చగా ఉన్నాయని కంగారు పడక్కర్లేదు. లోపలి వేడి బయటికొచ్చే దారి అదే.

1. ‘నాబ్ ఏడు మీద పెట్టెయ్, బాగా చల్లబడుతుంది’

నాబ్ మీద ఉన్న అంకెలు డిగ్రీలు కావు. కంప్రెసర్ ఎప్పుడు ఆగాలో చెప్పే గుర్తులు. మామూలు కంప్రెసర్‌కి వేగం ఒక్కటే. నాబ్ మూడు మీద ఉన్నా ఏడు మీద ఉన్నా అదే వేగంతో చల్లబరుస్తుంది. ఏడు మీద పెడితే ఆగడం ఆలస్యమవుతుంది, ఎండల్లో అసలు ఆగకపోవచ్చు కూడా. బిల్లు పెరుగుతుంది, మంచు పెరుగుతుంది, వెనక గోడకి ఆనుకున్న కొత్తిమీర గడ్డకట్టి నల్లబడిపోతుంది.

కింది అరలు 5 డిగ్రీల సెల్సియస్ లోపు, ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంటే చాలు. ఫ్రిజ్ థర్మామీటర్ ఒకటి కొని, గ్లాసుడు నీళ్లలో వేసి మధ్య అరలో రాత్రంతా ఉంచండి. తెల్లారి తలుపు తీయగానే చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఎక్కువ ఉంటే కారణం వెతకండి. తలుపు రబ్బరు సందులో పేపరు ముక్క పెట్టి తలుపు వేసి లాగండి. బిగువు లేకుండా జారి వచ్చేస్తే ఆ చోట గాలి దూరుతున్నట్టే. చాలాసార్లు రబ్బరు మడతల్లో పేరుకున్న పాల మరకలు, పచ్చడి నూనె జిడ్డే కారణం. గోరువెచ్చని సబ్బు నీళ్లతో తుడిస్తే రబ్బరులోని అయస్కాంతం మళ్లీ సరిగ్గా అతుక్కుంటుంది. రబ్బరు చిరిగిపోయి ఉంటే టేపు అంటించకండి, కొత్తది వేయించండి.

ఇంకో సంగతి. ఫ్రిజ్ వెనక లేబుల్ మీద క్లైమేట్ క్లాస్ అని రాసి ఉంటుంది. అక్కడ ‘టీ’ అని ఉంటే, చుట్టూ 43 డిగ్రీల వేడి ఉన్నంతవరకు సరిగ్గా పనిచేసేలా దాన్ని తయారుచేశారని అర్థం. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం 45 దాటిన రోజున ఫ్రిజ్ ఎక్కువసేపు తిరిగిందంటే అది జబ్బు కాదు.

2. ‘గోడకి ఆనించెయ్, పైన మంచి గుడ్డ కప్పు’

వేడి వెళ్లే దారిని మూసేసి చల్లదనం తగ్గిందంటే లాభం లేదు. వెనకా పక్కలా ఎంత ఖాళీ వదలాలో ఫ్రిజ్‌తో వచ్చిన పుస్తకంలో ఉంటుంది, అంత వదలండి. పొయ్యి పక్కన, ఎండ పడే కిటికీ దగ్గర పెట్టకండి. వెనక నల్ల జాలీ ఉన్న ఫ్రిజ్ అయితే ప్లగ్గు తీసేసి, మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి. వంటింట్లో నూనె ఆవిరికి దుమ్ము అంటుకుని అక్కడ పొరలా పేరుకుంటుంది. మెకానిక్ అవసరం లేకుండానే చల్లదనం తిరిగి రావడం ఈ ఒక్క పనితో చాలాసార్లు జరుగుతుంది.

3. ‘మంచు గడ్డకట్టిందా? చాకుతో గీకెయ్ వదినా, రెండు నిమిషాల పని’

సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఫ్రీజర్ పెట్టె గోడలే గ్యాస్ తిరిగే దారి. ఆ అల్యూమినియం రేకు మీద ఉబ్బెత్తుగా కనపడే గీతల్లోనే గ్యాస్ ప్రవహిస్తుంది. చాకు మొన మంచు మీద నుంచి జారి ఆ గీతకి తగిలితే చాలు. ‘స్స్’ మని ఒక చిన్న శబ్దం వస్తుంది. కన్నం చూద్దామంటే కంటికి ఆనదు. గ్యాస్ మాత్రం మొత్తం పోతుంది. ఆ తర్వాత ఫ్రీజర్‌కి అతుకు వేయించాలి, లేదా ఫ్రీజరే మార్చాలి.

డబ్బు నష్టం ఒక్కటే కాదు. ఒకప్పుడు ఫ్రిజ్‌లలో వాడిన ఆర్-12 గ్యాస్ ఓజోన్ పొరని దెబ్బతీస్తోందని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం తర్వాత ప్రపంచమంతా దాన్ని మానేసింది. తర్వాత వచ్చిన ఆర్-134ఏ భూమిని వేడెక్కిస్తుందని తేలింది. ఇప్పుడు కొత్త ఇంటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఉన్నది ఆర్-600ఏ, అంటే ఐసోబ్యూటేన్. పర్యావరణానికి అది మేలే, కానీ మండే గుణం ఉన్న గ్యాస్. వంటగ్యాస్ లీకైతే పసిగట్టడానికి దానికి ఘాటు వాసన కలుపుతారు. దీనికి అలా కలపరు. మీ ఫ్రిజ్‌లో ఏ గ్యాస్ ఉందో వెనక లేబుల్ మీద రాసి ఉంటుంది.

మంచు అర సెంటీమీటరు మందం దాటక ముందే డీఫ్రాస్ట్ బటన్ నొక్కండి. లేదా ప్లగ్గు తీసి తలుపు తెరిచి ఉంచండి. తొందరగా కరగాలంటే ఫ్రీజర్‌లో వేడినీళ్ల గిన్నె పెట్టండి. గీకడం, నీళ్లు గుమ్మరించడం వద్దు. పొరపాటున చాకు తగిలి ‘స్స్’ మంటే పొయ్యి ఆర్పండి. ఫ్రిజ్ స్విచ్ గానీ, ఆ గదిలో ఏ స్విచ్ గానీ ముట్టుకోకుండా కిటికీలు తలుపులు తెరిచి బయటికి రండి. గాలి బాగా ఆడాకనే మిగతా పని.

4. ‘గ్యాస్ అయిపోయి ఉంటుంది, నింపించెయ్’

ఫ్రిజ్‌లో గ్యాస్ ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో ఏళ్ల తరబడి అదే గ్యాస్ తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉంది. లీకు వెతక్కుండా గ్యాస్ నింపడం పంక్చర్ వేయకుండా గాలి కొట్టడమే. కొన్ని వారాలకి మళ్లీ అదే కథ, మళ్లీ అదే ఖర్చు.

గ్యాస్ తగ్గిన ఫ్రిజ్‌కి ఒక గుర్తు ఉంటుంది. కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంటుంది, కానీ ఫ్రీజర్‌లో ఒక మూల మాత్రమే మంచు కడుతుంది, మిగతా భాగం పొడిగా ఉంటుంది. ఈ సంగతి మెకానిక్‌కి చెప్పండి. ఆయన లీకు ఎక్కడుందో చూపించాలి, దాన్ని మూయాలి, ఫిల్టర్ మార్చాలి, వ్యాక్యూమ్ పంపుతో గొట్టాల్లోని గాలీ తేమా లాగేయాలి. ఆ తర్వాతే లేబుల్ మీద రాసిన బరువు ప్రకారం తూకం వేసి గ్యాస్ ఎక్కించాలి. ఇంటి ఫ్రిజ్‌లో ఆర్-600ఏ పట్టేది కొన్ని పదుల గ్రాములే. అంత తక్కువలో అంచనా మీద నింపితే ఎక్కువైనా తక్కువైనా చల్లదనం దెబ్బతింటుంది. తూకం లేకుండా, వ్యాక్యూమ్ లేకుండా నింపేస్తామంటే ఒప్పుకోకండి.

5. ‘పైన గడ్డకడుతోంది, కింద చల్లబడట్లేదు. కంప్రెసర్ పోయినట్టే’

డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో ఈ లక్షణం కనిపిస్తే చాలాసార్లు కంప్రెసర్ బాగానే ఉంటుంది. అది పనిచేయబట్టే పైన గడ్డకడుతోంది. ఈ రకంలో చల్లగాలిని ఫ్యాను కిందికి నెడుతుంది. గొట్టాల మీద కట్టిన మంచుని హీటరు కొన్ని గంటలకోసారి కరిగిస్తుంది. హీటరో, సెన్సారో, టైమరో పనిచేయకపోతే మంచు పేరుకుని గాలి దారి మూసుకుపోతుంది.

ముందు గాలి వచ్చే రంధ్రాలకి ఇడ్లీ పిండి గిన్నెలు, కూరల సంచులు అడ్డం ఉన్నాయేమో చూడండి. లేకపోతే సామాన్లు ఖాళీ చేసి, ప్లగ్గు తీసి, తలుపులు తెరిచి ఒక రోజంతా వదిలేయండి. కింద పాత తువ్వాళ్లు పరవండి. మళ్లీ వేశాక కొన్నాళ్లు బాగా చల్లబడి, తర్వాత మొదటికే వస్తే లోపం డీఫ్రాస్ట్ భాగాల్లో ఉందని తేలినట్టే. ఆ ఒక్క మాట మెకానిక్‌కి చెబితే అనవసరంగా కంప్రెసర్ మార్చే ఖర్చు తప్పుతుంది.

కూరగాయల డబ్బా కింద నీళ్లు నిలవడం కూడా గ్యాస్ జబ్బు కాదు. వెనక గోడ అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రం మూసుకుపోయి ఉంటుంది. గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా పోసి, మెత్తటి స్ట్రాతో శుభ్రం చేయండి. సూదులు, కమ్మీలు దూర్చకండి.

6. ‘టిక్కుమని ఆగిపోతోందా? స్విచ్ ఆపి వేస్తూ ఉండు, అదే అందుకుంటుంది’

లోపల లైటు వెలుగుతుంది. వెనక ‘మ్మ్’ మని మూలుగు, కొన్ని సెకన్లకి ‘టిక్’. కాసేపటికి మళ్లీ అదే. ఆ టిక్కు కంప్రెసర్‌ని కాపాడే ఓవర్‌లోడ్ అనే చిన్న భాగం చేసే చప్పుడు. కంప్రెసర్ తిరగలేక ఎక్కువ కరెంటు లాగుతుంటే అది కనెక్షన్ తెంపేస్తుంది. మనం స్విచ్ ఆపి వేస్తూ ఉంటే ఆ కాపలాతోనే పోట్లాడుతున్నట్టు. కరెంటు పోయి వెంటనే వచ్చినప్పుడు కూడా ఇలాగే అవుతుంది. గొట్టాల్లో రెండు వైపులా ఒత్తిడి సమానమయ్యే దాకా కంప్రెసర్ కదల్లేదు. స్విచ్ ఆపి కనీసం ఐదు నిమిషాలు ఆగి వేయండి.

అప్పటికీ అదే వరసైతే ఆపేసి మెకానిక్‌ని పిలవండి. ఆయన వోల్టేజీ, రిలే (కంప్రెసర్‌ అందుకోవడానికి సాయపడే భాగం), ఓవర్‌లోడ్, కెపాసిటర్ ఈ వరసలో చూసి, కంప్రెసర్‌ని ఆఖర్న అనుమానించాలి. మెకానిక్ రిలేని విప్పి చెవి దగ్గర ఊపితే గలగలమన్నదంటే లోపలి బిళ్ల పగిలినట్టే. కంప్రెసర్‌తో పోలిస్తే దాని ఖరీదు ఎంతో తక్కువ. ‘ఓవర్‌లోడ్ తీసేసి డైరెక్ట్ ఇచ్చేస్తాను’ అని ఎవరన్నా అంటే పని అక్కడే ఆపించండి. కంప్రెసర్ కాలిపోవడానికీ, నిప్పంటుకోవడానికీ అది దారి. ఇన్వర్టర్ ఫ్రిజ్ వెనక ఉండే బోర్డుని మాత్రం మీరు అసలు తెరవకండి. ప్లగ్గు తీశాక కూడా అందులో కాసేపు కరెంటు నిలిచి ఉంటుంది.

7. ‘స్టెబిలైజర్ పెట్టేస్తే అన్నీ సర్దుకుంటాయి’

మన ఇళ్లకి రావాల్సింది 230 వోల్టులు. చాలా కొత్త ఫ్రిజ్‌లు ఇంకా తక్కువ, ఎక్కువ వోల్టేజీలను కూడా తట్టుకునేలా వస్తున్నాయి. ఎంతవరకో పుస్తకంలో రాసి ఉంటుంది. మీ ఊళ్లో వోల్టేజీ ఆ హద్దులు దాటుతుంటే స్టెబిలైజర్ కావాలి. లేకపోతే అది చేసే మేలేమీ లేదు. రబ్బరు పోయినా, గ్యాస్ కారినా స్టెబిలైజర్ బాగుచేయదు.

ఇంట్లో కొన్ని లైట్లు మామూలుకంటే ఎక్కువ వెలిగి, కొన్ని మసకబారుతుంటే వెంటనే మెయిన్ ఆపేయండి. న్యూట్రల్ తెగిపోయినప్పుడు వచ్చే గుర్తు అది. ఇంట్లోకి 400 వోల్టుల దరిదాపుల్లో కూడా రావచ్చు. విద్యుత్ శాఖకి ఫోను చేశాక, సరిచేశామని వాళ్లు చెప్పేదాకా ఏమీ వేయకండి.

ఎక్స్‌టెన్షన్ బోర్డు కూడా వద్దు. కంప్రెసర్ అందుకునే క్షణంలో మామూలుకంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. సన్నటి వైరు వేడెక్కుతుంది, వోల్టేజీ పడిపోతుంది. ప్లగ్గు వేడిగా ఉన్నా, సాకెట్ గోధుమ రంగుకి తిరిగినా లోపల కనెక్షన్ వదులైంది. ఫ్రిజ్‌కి గోడ సాకెట్ ఒకటి విడిగా ఉండాలి.

8. ‘షాక్ కొడితే చెప్పులేసుకుని తియ్యి’

ఈ మొత్తం జాబితాలో ప్రాణాలు తీసే సలహా ఇదే. చెయ్యి జివ్వుమందంటే కరెంటు రేకు మీదికి వచ్చేసింది. ఎలుక కొరికిన వైరో, తేమ పట్టిన హీటరో, వదులైన కనెక్షనో కారణం కావచ్చు. ఎర్త్ సరిగ్గా ఉంటే ఆ కరెంటు భూమిలోకి పోతుంది, ఫ్యూజో ఎంసీబీయో పడిపోతుంది. ఎర్త్ లేకపోతే అది రేకు మీదే ఎదురుచూస్తుంది. భూమికి దారి మీ ఒళ్లే అవుతుంది.

చెప్పులు పాదాలకి అడ్డం పడతాయి, అంతే. ఒక చెయ్యి ఫ్రిజ్ తలుపు మీద, ఇంకో చెయ్యి స్టీలు సింకు మీదో కుళాయి మీదో ఉంటే కరెంటు చేతి నుంచి చేతికి, గుండె మీదుగా పోతుంది. చెప్పులు అక్కడ ఏం చేస్తాయి? తడి కాళ్లతో నీళ్ల సీసా కోసం పరిగెత్తుకొచ్చే పిల్లాడికి చెప్పులు ఎవరు తొడుగుతారు? ‘ప్లగ్గు తిరగేసి పెట్టు, జివ్వుమనదు’ అనేది ఇంకో సలహా. జివ్వుమనడం తగ్గవచ్చు, లోపం అక్కడే ఉంటుంది.

పాత ఇళ్లలో సాకెట్‌కి మూడు రంధ్రాలూ ఉంటాయి. విప్పి చూస్తే పై రంధ్రం వెనక వైరే ఉండదు. ఆకుపచ్చ వైరు కత్తిరించి లోపలికి తోసేసి ఉంటుంది, లేదా అసలు వేసే ఉండరు. బయటి నుంచి చూస్తే ఈ తేడా తెలియదు. మూడు పిన్నుల ప్లగ్గులో పై పిన్ను మిగతా రెండిటికంటే పొడవుగా పెట్టింది ముందు ఎర్త్ తగలాలని. దాన్ని విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్‌లో పెట్టడం ఆ రక్షణను చేతులారా తీసేయడమే.

షాక్ తగిలిందంటే ఫ్రిజ్‌ని ముట్టుకోకండి. మెయిన్ ఆపి, ఆ తర్వాత ప్లగ్గు తీయండి. ఎలక్ట్రీషియన్ సాకెట్‌లో ఎర్త్ చూశాక, మెకానిక్ ఫ్రిజ్ చూశాక మాత్రమే మళ్లీ పెట్టండి. ఎర్త్ గుంత వేసవిలో ఎండిపోతే పట్టు తగ్గుతుంది, అప్పుడప్పుడు నీళ్లు పోయండి. ఇంటికి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సరఫరా తెంపేసే స్విచ్, పెట్టించుకోండి. మనిషిని చంపడానికి కొన్ని పదుల మిల్లీఆంపియర్ల కరెంటు చాలు. 16 ఆంపియర్ల ఎంసీబీకి ఆ లీకు కనపడను కూడా కనపడదు. ఆర్‌సీసీబీ మాత్రం రెప్పపాటులో పడిపోతుంది.

9. ‘రాత్రిపూట ఆపేస్తే కరెంటు ఆదా’

రాత్రి ఎక్కిన వేడినంతా పొద్దున మళ్లీ తోడాలి. మిగిలేది అతి తక్కువ, పాడయ్యేది తిండి. ఫ్రిజ్ మీద బీఈఈ స్టార్ లేబుల్‌లో ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది. 200 యూనిట్లు అని ఉంటే రోజుకి అర యూనిట్ పైచిలుకు. పాల ప్యాకెట్టు, పెరుగు, కూర పాడుచేసుకుని మిగుల్చుకునేంత సొమ్ము అందులో లేదు.

10. ‘వేడి పూర్తిగా చల్లారేదాకా బయటే ఉంచు, వాసన రాకపోతే తినేయొచ్చు’

పొగలు కక్కే గిన్నెని లోపల పెట్టకూడదన్నది నిజమే. అలాగని రాత్రంతా గట్టు మీద వదిలేయకూడదు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు జోరుగా పెరుగుతాయి. వండినవి రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, మన ఎండాకాలంలో అయితే గంటలోపే. అన్నం వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిస్తే త్వరగా చల్లారుతుంది. అన్నంలో పెరిగే ఒక రకం బాక్టీరియా వదిలే విషం మళ్లీ వేడిచేసినా పోదు, దానికి వాసన కూడా ఉండకపోవచ్చు.

కరెంటు పోతే తలుపు తీయకండి. మూసి ఉంచితే ఫ్రిజ్ సుమారు నాలుగు గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చల్లదనం నిలుపుకుంటాయి. అది దాటితే మాంసం, చేపలు, పాలు, వండిన కూరలు పారేయండి.

మరి మనం చేయగలిగినవి ఏవి? దుమ్ము దులపడం, రబ్బరు కడగడం, పేపరుతో చూడటం, థర్మామీటర్ పెట్టడం, మంచు కరగనివ్వడం, నీటి రంధ్రం శుభ్రం చేయడం, ఐదు నిమిషాలు ఆగడం. ఇవన్నీ స్క్రూడ్రైవర్ పట్టకుండా చేసే పనులే, శుభ్రం చేసేటప్పుడు మాత్రం ప్లగ్గు తీసేయండి. గ్యాస్ గొట్టం, కరెంటు వైరు దగ్గర మన పని ఆగిపోవాలి.

ఇకమీదట ఫ్రిజ్ గురించి ఎవరు ఏ సలహా చెప్పినా ఒక్క ప్రశ్న వేయండి: ‘అసలు ఇది ఎందుకు జరుగుతోంది?’ దానికి జవాబు లేని సలహాని పక్కన పెట్టేయండి. ఈ వారంలోనే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మీ ఫ్రిజ్ సాకెట్‌లో ఎర్త్ ఉందో లేదో చూపించుకోండి. మిగతావన్నీ ఆ తర్వాత.